ధృతరాష్ట్రుడికి లేనిది చూపేనా?

పోయిన ఆదివారం ఉద్యోగపర్వం వీడియో చూసి హైదరాబాద్ నుంచి ఒకాయన మెయిల్ రాశారు. వయసు ముప్పై లోపే. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌కి లీడ్. ఆయన అనుమతితోనే, పేరు లేకుండా, ఆ సంగతి ఇక్కడ చెబుతున్నాను.

టీమ్‌లో ఒక పోస్ట్ ఖాళీ అయింది. జాబ్ డిస్క్రిప్షన్ రాసివ్వమని హెచ్ఆర్ అడిగారు. ఈయన రెండేళ్ల కిందటి పాత జేడీ తెరిచి, తేదీ మార్చి పంపేశారు. అందులో పదకొండు పాయింట్లు. ఏడోది, ‘క్లయింట్లతో ఫోన్‌లో ధారాళంగా మాట్లాడగలగాలి’ అని. అప్లై చేసినవాళ్లలో ఒక అమ్మాయికి పుట్టుకతోనే వినికిడి లేదు. రాత పరీక్షలో అందరికంటే ఎక్కువ తప్పులు పట్టింది ఆ అమ్మాయే. చాట్‌లో జరిగిన ఇంటర్వ్యూలో కూడా బాగా చెప్పింది. చివర్లో హెచ్ఆర్ ఏడో పాయింట్ చూపించి పక్కన పెట్టేశారు. ఈయన కూడా ‘అవును కదా’ అని ఊరుకున్నారు.

ఆ రాత్రి ఆయనకి ఒక విషయం గుర్తొచ్చింది. ఆ సీట్లో ఇంతకుముందు పనిచేసిన కుర్రాడు ఏడాది మొత్తం మీద రెండుసార్లు కూడా క్లయింట్‌తో ఫోన్ మాట్లాడలేదు. కాల్స్ అన్నీ చూసుకునేది లీడ్ కదా, అంటే ఈయనే!

మెయిల్ చివర ఒకే ప్రశ్న. “నేను ఎవరికీ చెడు తలపెట్టలేదు. అయినా నేను చేసింది పాపమేనా?”

మొదట నేను ఒక రెడీమేడ్ జవాబు టైప్ చేశాను. కర్తవ్యం మీరు చేశారు, ఫలితం భగవంతుడిది, బాధపడకండి అని. పంపేముందు ఒకసారి చదువుకుంటే నాకే సిగ్గేసింది. ఆయన అడిగింది ఫలితం గురించి కాదు. కర్మ గురించి. చేసిన పని సరిగ్గా చేశానా అని అడిగిన మనిషికి ఫలితం మీద ఆశ వదులుకో అని చెబితే అది గీత ఎలా అవుతుంది?

అందుకే ఆ వీడియోలో టైమ్ చాలక వదిలేసిన కథ దగ్గరికే వెళ్దాం. ధృతరాష్ట్రుడి కథ.

ధృతరాష్ట్రుడు గుడ్డివాడు కాబట్టి రాజు కాలేకపోయాడని మనందరికీ తెలుసు. కానీ ఆ తీర్పు ఎప్పుడు ఇచ్చారో గమనించారా? ఆయన పుట్టకముందే. ఆదిపర్వంలో అంబిక దగ్గరి నుంచి వచ్చిన వ్యాసుడు సత్యవతికి చెబుతాడు, పుట్టబోయే బిడ్డ మహాబలవంతుడు, విద్వాంసుడు, బుద్ధిమంతుడు అవుతాడు, కానీ చూపు ఉండదు అని. వెంటనే సత్యవతి అంటుంది, చూపులేనివాడు కురువంశానికి రాజుగా తగడు, ఇంకో బిడ్డని ప్రసాదించు అని. అంత మంచి గుణాల జాబితాలో ఒక్క లోపం వినపడగానే మిగతావన్నీ పక్కకి పోయాయి. తల్లి కడుపులో ఉండగానే అప్లికేషన్ రిజెక్ట్ అన్నమాట! తర్వాత పెద్దవాళ్లందరూ అదే మాట మీద నిలబడి పాండురాజుకి పట్టం కట్టారు.

రాజు అనే ఉద్యోగానికి అసలు పని ఏంటి అని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే ఏం జవాబు వచ్చేది? ప్రజల్ని రక్షించడం, న్యాయం చెప్పడం, అన్యాయం చేసినవాడు సొంత కొడుకైనా సరే ఆపడం. యుద్ధంలో ముందుండి నడిపించాలి అని కూడా ఎవరో ఒకరు అనేవారు, కాదనను. కానీ హస్తినాపురంలో భీష్ముడు అనే ఆయన ఉన్నాడు కదా! సైన్యం సంగతి చూసుకోవడానికి అంతకంటే ఎవరు కావాలి?

సరే, పాండురాజు అడవికి వెళ్లిపోయాక రాజ్యం ఎలాగూ ధృతరాష్ట్రుడి చేతికే వచ్చింది. అప్పుడు ఆయన ఎక్కడ ఓడిపోయాడు? జూదం జరిగిన సభ గుర్తు తెచ్చుకోండి. ఆయన ఆత్రంగా మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉన్నాడు, గెలిచామా, ఏం గెలిచాం అని. అంటే సభలో జరుగుతున్నదంతా ఆయనకి తెలుస్తూనే ఉంది. విదురుడు పక్కనే ఉండి ఇది కులనాశనం అని మొత్తుకుంటున్నాడు. అదీ వినిపిస్తూనే ఉంది. ద్రౌపదిని సభకి ఈడ్చుకొచ్చిన సంగతి తెలియడానికి కళ్లు అక్కర్లేదు. ఆపడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చాలా ఆలస్యంగా, అపశకునాలు వినపడి భయం పుట్టాక గానీ రాలేదు. పోనీ చూపున్నవాళ్లు ఏం చేశారు? భీష్ముడు, ద్రోణుడు, సభ నిండా రాజులు, అందరికీ కళ్లున్నాయి. దుర్యోధనుడికైతే చాలా మంచి చూపు, మయసభలో తప్ప!

ఇంకొక సంగతి. యుద్ధానికి ముందు వ్యాసుడు వచ్చి, నీకు చూపు ఇస్తాను, యుద్ధం చూస్తావా అని అడిగాడు. ధృతరాష్ట్రుడు వద్దన్నాడు. నా వాళ్ల చావు చూడలేను, విని తెలుసుకుంటాను అన్నాడు. అప్పుడు ఆ దివ్యదృష్టి సంజయుడికి దక్కింది. జీవితమంతా దేన్ని చూపించి ఆయన్ని తక్కువ చేశారో, అది చేతికి అందినప్పుడు ఆయనే కాదన్నాడు. ఆ మాట నాకు అర్థమయ్యేదాకా నేను కూడా ఆయన గుడ్డితనం అంటే కళ్ల గురించే అనుకునేవాణ్ణి.

అంటే చివరికి సత్యవతి మాటే నిజమైంది, ఆయన తగడనే తేలింది కదా అని మీలో కొందరు అంటారు. తగలేదు, నిజమే. కానీ వాళ్లు చెప్పిన కారణం తప్పు. పరీక్ష పెట్టాల్సిన చోట పెట్టకుండా, కంటికి కనిపించే చోట పెట్టి ఫెయిల్ చేశారు. అలా చేయడం వల్ల రెండు నష్టాలు. అర్హత ఉన్నవాడు ఆ గీత దగ్గరే ఆగిపోతాడు. అసలైన లోపం ఉన్నవాడు ఆ గీత దాటి హాయిగా లోపలికి వస్తాడు. పైగా ఆ అవమానం ధృతరాష్ట్రుడిలో చివరిదాకా పోలేదు. ‘నాకు రావాల్సింది’ అన్న ఆ మంటే కొడుక్కి వారసత్వంగా వచ్చింది. దుర్యోధనుణ్ణి నేను సమర్థించడం లేదు, నిప్పు ఎక్కడ రాజుకుందో చెబుతున్నా, అంతే.

ఆశ్చర్యం ఏంటంటే, ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుడే కొడుక్కి బుద్ధి చెబుతూ ఇదే విషయం ఎత్తుతాడు. వాళ్ల పూర్వీకుడు ప్రతీపుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు దేవాపి. ధర్మాత్ముడు, సత్యవంతుడు, ప్రజలకి ప్రాణం. కానీ చర్మవ్యాధి ఉంది. ప్రతీపుడు పట్టాభిషేకానికి అన్నీ సిద్ధం చేశాక పెద్దలు, పురజనులు అడ్డుపడ్డారు. అంగలోపం ఉన్న రాజుని దేవతలు మెచ్చరు అన్నారు. ముసలి తండ్రి కన్నీళ్లు పెట్టుకున్నాడు. దేవాపి అడవికి వెళ్లిపోయాడు, రాజ్యం శంతనుడికి వచ్చింది. నా విషయంలోనూ అదే జరిగింది అంటాడు ధృతరాష్ట్రుడు.

అదే దేవాపి కథ యాస్కుడి నిరుక్తంలో ఇంకోలా ఉంది. అక్కడ తమ్ముడు శంతనుడు పట్టం కట్టుకున్నాక రాజ్యంలో 12 ఏళ్లు వాన పడలేదు. అన్నని దాటి అభిషేకం చేయించుకున్నావు, ఇది అధర్మం, అందుకే వాన లేదు అని బ్రాహ్మణులే చెప్పారు. శంతనుడు వెళ్లి రాజ్యం తీసుకోమని అన్నని అడిగాడు. దేవాపి, నీకు పురోహితుడిగా ఉండి యజ్ఞం చేయిస్తాను అన్నాడు. ఋగ్వేదం పదో మండలంలో ఆ వాన కోసం చేసిన సూక్తం ఉంది. ఒకచోట దేవతలు మెచ్చరని ఆయన్ని తప్పించారు. ఇంకోచోట ఆయన్ని తప్పించినందుకే వాన ఆగింది. ‘మన సంప్రదాయంలో ఇంతే’ అని ఎవరైనా గట్టిగా అన్నప్పుడు నాకు ఈ రెండు కథలూ పక్కపక్కనే గుర్తొస్తాయి.

మరి ఒక పనిలో ముఖ్యమైనది ఏది, పక్కవాద్యం ఏది అని తేల్చడం ఎలా? దీనికి మన దగ్గర ఒక శాస్త్రమే ఉంది. పూర్వమీమాంస. జైమిని సూత్రాల మీద తరాల తరబడి జరిగిన చర్చంతా చాలావరకు ఇదే. యజ్ఞంలో వందల పనులు ఉంటాయి, వాటిలో ప్రధానం ఏది, అంగం ఏది? ప్రధానం అంటే ఫలాన్ని ఇచ్చే కర్మ. అంగం అంటే ఆ ప్రధానానికి సాయపడటానికి ఉన్నది. అంగానికి సొంతంగా ఫలం లేదు. అది ఎందుకు ఉంది అని అడిగితే జవాబు ఎప్పుడూ ఇంకో పనివైపే వేలు చూపిస్తుంది.

ఇందులోంచి ఒక అందమైన నియమం తేల్చారు. నిత్యకర్మలో ప్రధానం జరగాల్సిందే, అంగాలు మాత్రం శక్తి ఉన్నంత మేరకు చేస్తే చాలు. ఏదో ఒక అంగం చేయలేకపోయావని నిత్యకర్మే మానేయకూడదు. స్వర్గమో, సంపదో కోరి చేసే కామ్యకర్మ అయితే అలా కుదరదు, అంగాలన్నీ ఉండాల్సిందే. అలాగే ఒక ద్రవ్యం దొరకకపోతే దాని బదులు ఇంకొకటి వాడొచ్చు, సోమలత లేకపోతే పూతిక అన్నట్టు. కానీ కొన్నింటికి బదులు లేదు. దేవత, అగ్ని, మంత్రం, ప్రధానకర్మ, వీటిని మార్చడానికి వీల్లేదు.

ఇదేదో పండితుల గొడవ అనుకోకండి, మీ ఇంట్లో రోజూ జరిగేదే. వినాయకుడి విగ్రహం లేకపోతే పసుపు ముద్దని గణపతిగా చేసుకుంటాం. పూజలో వస్త్రం లేదు, ఆభరణం లేదు, ఆ చోట అక్షతలు వేస్తాం. సంకల్పంలోనే యథాశక్తి అనో, యావచ్ఛక్తి అనో చెప్పుకుంటాం. మా ఛానల్‌కి ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఏంటో తెలుసా? “అమ్మకి మోకాళ్ల నొప్పులు అండి, కుర్చీలో కూర్చుని పూజ చేస్తే దోషమా?” దోషం లేదండి. పీట మీద కూర్చోవడం అంగం. అమ్మ చేసేది ప్రధానం.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇంత సూక్ష్మంగా ఆలోచించిన ఆ మీమాంసకులే, తీరని అంగవైకల్యం ఉన్నవాళ్లకి యజ్ఞం చేసే అధికారం గురించి చాలా కటువుగా మాట్లాడారు. పనిముట్టుని మనకిచ్చి, దాన్ని ఆ ఒక్క చోట వాడకుండా వదిలేశారు అనిపిస్తుంది నాకు. ఆ పని మనం చేయొచ్చు.

ఇప్పుడు ఈ కొలబద్దతో ఆ జేడీ చూద్దాం. టెస్టింగ్ ఉద్యోగానికి ప్రధానం ఏంటి? ప్రోగ్రామ్‌లో తప్పులు పట్టడం, అవి ఎలా వస్తున్నాయో డెవలపర్‌కి అర్థమయ్యేలా రాయడం. ఆ పోస్ట్ ఉన్నదే అందుకు. మరి ఫోన్? క్లయింట్‌కి విషయం చేరడానికి ఒక దారి. చేరడం ముఖ్యం. ఆ దారే కావాలని లేదు, మెయిల్ ఉంది, చాట్ ఉంది, మాటల్ని అప్పటికప్పుడు అక్షరాలుగా చూపించే మీటింగ్ యాప్‌లు ఉన్నాయి. పసుపు గణపతిలాగే.

అలా అని ప్రతిదీ అంగమే, దేన్నైనా సర్దుకోవచ్చు అని కూడా కాదు. విజయవాడ హైవే మీద రాత్రి బస్సు నడిపే డ్రైవర్‌కి చూపు ప్రధానమే, దానికి బదులు లేదు. కాల్ సెంటర్‌లో రోజంతా ఫోన్ ఎత్తడమే ఉద్యోగమైతే అక్కడ వినికిడి ప్రధానమే. కాబట్టి ఇది దయ చూపించే విషయం కాదు. నిజం చెప్పే విషయం. ఈ పనికి ఇది లేకపోతే కుదరదు అని రాసేముందు, అది నిజమేనా అని చూడటం.

అమెరికాలో ఉన్న మన వ్యూయర్స్‌కి ఇది తెలిసే ఉంటుంది. అక్కడ 1990లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం సరిగ్గా ఈ ప్రశ్న మీదే నిలబడింది. ఉద్యోగానికి అత్యవసరమైన పనులు ఏవి, వాటిని తగిన సదుపాయంతోనో, లేకుండానో ఈ మనిషి చేయగలడా? అత్యవసరం అని తేల్చడానికి చూసేవి కూడా మామూలు విషయాలే. ఆ పోస్ట్ పెట్టిందే ఈ పని కోసమా? దీనికి ఎంత టైమ్ పడుతుంది? చేయకపోతే ఏమవుతుంది? ఇంతకుముందు ఆ సీట్లో ఉన్నవాళ్లు నిజంగా ఏం చేశారు? ప్రకటనకి ముందే రాసిపెట్టిన జేడీని కూడా సాక్ష్యంగా చూస్తారు. అంటే మనం చూడకుండా కాపీ చేసిన లైన్‌కి కూడా అంత బరువుంది.

మన దగ్గర 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. ప్రభుత్వ పోస్టుల్లో ఏవి ఎవరు చేయగలరో గుర్తించమని అందులో ఉంది. అలా తయారైన జాబితాల్లో ఒక్కో పోస్ట్ పక్కన కూర్చోవడం, నిలబడటం, వంగడం, చూడటం, వినడం, వేళ్లతో పనిచేయడం, ఇలా ఏవి అవసరమో రాస్తారు. జాబితా ఉన్నంత మాత్రాన అయిపోదు, రాసేవాడి ఊహ ఎంతో జాబితా అంతే. చాలాకాలం మన దేశంలో జడ్జికి చూపు ఉండి తీరాలి అనే అనుకున్నారు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు, చూపు లేదన్న కారణంతో న్యాయసేవల ఉద్యోగాల అవకాశం నిరాకరించకూడదని తేల్చి, మధ్యప్రదేశ్‌లో అడ్డుగా ఉన్న నిబంధనని కొట్టేసింది. న్యాయదేవత బొమ్మకి కళ్లగంతలు కట్టి నిష్పాక్షికతకి గుర్తు అని దశాబ్దాలు చెప్పుకున్నదీ మనమే, చూపులేని మనిషి తీర్పు ఎలా చెబుతాడు అని అడిగిందీ మనమే! జడ్జి చేసే పని వినడం, తూచడం, కారణం చెప్పడం. కాగితం చదివి వినిపించడానికి ఇంకొకరో, కంప్యూటరో ఉంటే సరిపోతుంది.

ఆఫీసుల్లో వెంటనే వచ్చే మాట ఒకటుంది. “బాగానే ఉంది, మరి ఆ కాల్స్ ఎవరు మాట్లాడతారు? మిగతావాళ్ల మీద బరువు పడదా?” ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. ముగ్గురే ఉన్న టీమ్‌లో అందరూ అన్నీ చేయాల్సి వస్తుంది, అక్కడ లెక్క వేరు. కానీ చాలాచోట్ల ఆ బరువు ఎంతో ఎవరూ కొలవరు, ఊహించుకుంటారు. భగవద్గీత మన చేతికి ఎలా వచ్చిందో ఒకసారి ఆలోచించండి. చూపులేని రాజు అడుగుతున్నాడు, పక్కన కూర్చున్న సంజయుడు చూసి చెబుతున్నాడు. రాజుకి కావాల్సింది యుద్ధవార్త, దాన్ని కంటితో కాకుండా చెవితో అందించే ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటే లేకపోతే 18 అధ్యాయాలూ ఆ రథం మీదే ఆగిపోయేవి. సంజయుడు బరువు అనుకున్నట్టు నాకు ఎక్కడా కనబడలేదు. పైగా చివర్లో ఆ సంభాషణ తలుచుకుని మళ్లీ మళ్లీ పులకించిపోతున్నాను అంటాడు.

ఇక పాపమా అన్న ప్రశ్న. తెలుగులో ప్రమాదం అంటే మనకి యాక్సిడెంట్. సంస్కృతంలో ఆ మాటకి అసలు అర్థం ఏమరుపాటు, పట్టించుకోకపోవడం. ఉద్యోగపర్వంలో సనత్సుజాతుడు ఆ ప్రమాదమే మృత్యువు అని ఉపదేశిస్తాడు. ఎవరికి? ధృతరాష్ట్రుడికే, నిద్రపట్టని ఆ రాత్రి. చెడు తలపెట్టడం గురించి కాదు ఆయన చెప్పింది, ఏమరుపాటు గురించి. పాత ఫైల్ తెరిచి తేదీ మార్చడం అంత చిన్న పని. అందులో ద్వేషం లేదు. కానీ ఒక మనిషి బతుకు ఆ లైన్ దగ్గర ఆగింది. కాబట్టి నా జవాబు, అవునండి, దోషమే. మీరు చెడ్డవారు కాబట్టి కాదు. చూడాల్సిన చోట చూడలేదు కాబట్టి. మీకు ఆ రాత్రి నిద్రపట్టకపోవడం మంచి లక్షణమే, మీరు దాన్ని పోగొట్టుకోవాలని నేను కోరుకోను.

ప్రాయశ్చిత్తం కూడా అడిగారు. చిలుకూరులో 108 ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకున్నారట. చేయండి, స్వామి దగ్గరికి వెళ్లడానికి కారణం అక్కర్లేదు. కానీ దాంతో ఏడో పాయింట్ చెరగదు. అది చెరపాల్సింది మీ లాప్‌టాప్‌లో. తర్వాత హెచ్ఆర్ దగ్గరికి వెళ్లి, తప్పు రాసింది నేనే అని మీ నోటితో చెప్పాలి. ప్రదక్షిణల కంటే అదే కష్టం అని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నాలుగు రోజుల తర్వాత ఆయన మళ్లీ రాశారు. ఆ పోస్ట్ అప్పటికే వేరేవాళ్లతో నిండిపోయింది. వచ్చే నెల ఇంకో రెండు రాబోతున్నాయి. ఈసారి జేడీ రాసేముందు అదే పని చేస్తున్న కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని, పొద్దున లాగిన్ అయిన దగ్గర్నుంచి ఏమేం చేస్తావో చెప్పు అని అడిగారట. పదకొండు పాయింట్లలో నాలుగు మిగిలాయి. హెచ్ఆర్ ఒప్పుకోవడానికి రెండు మీటింగులు పట్టాయి. ఆ అమ్మాయికి జరిగిందంతా దాచకుండా మెయిల్ రాసి, మళ్లీ అప్లై చేస్తారా అని అడిగారు.

నేను ఇది రాసేసరికి ఆయనకి ఇంకా జవాబు రాలేదు.